పాలియేటివ్ కేర్: హౌస్ సర్జన్ల అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నేను చేసేది పాలియేటివ్ కేర్, అంటే పెద్ద జబ్బుల్లో నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం. నెల్లూరులో హౌస్ సర్జన్లతో దీని గురించి ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఇక చేసేదేమీ లేదన్నవాళ్లను పంపించే చోటే కదా ఇది?" అడిగినవాళ్లు నయం. మిగతావాళ్లు మనసులో అదే అనుకుని రేడియాలజీ సీటు కోసం చదువుకుంటుంటారు.

అపోహ: ఇది చివరి రోజుల వైద్యం.
వాస్తవం: జబ్బు తేలినప్పటి నుంచే, కీమోతో పాటే మొదలుకావాలి. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద జరిగిన ఒక అధ్యయనంలో, ముందునుంచీ ఈ వైద్యం అందినవాళ్లు మిగతావాళ్లకన్నా రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు. క్యాన్సర్ ఒక్కటే కాదు. కనిగిరి వైపు నుంచి డయాలసిస్‌కు తిరిగే కిడ్నీ రోగులకూ, పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకూ ఇది కావాలి.

అపోహ: మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు) ఇస్తే అలవాటు పడతారు, ఊపిరి ఆగిపోతుంది.
వాస్తవం: ఈ భయం రోగులకంటే మన డాక్టర్లకే ఎక్కువ. క్యాన్సర్ నొప్పికి నోటిమాత్ర 4 గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రోగిని చూసుకుంటూ పెంచితే ఊపిరికి ప్రమాదం చాలా అరుదు. కిడ్నీలు పాడైనవాళ్లలో మాత్రం మందు ఒంట్లో పేరుకుపోతుంది, అక్కడ జాగ్రత్త. ఇక మలబద్ధకం దాదాపు ఖాయం. కొత్తలో నేను మార్ఫిన్ రాసి విరేచనాల మందు మర్చిపోయాను. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఆ పెద్దాయన నాలుగో రోజుకల్లా మాత్రలే మానేశాడు. మళ్లీ నొప్పితో మెలికలు తిరిగాడు. తప్పు మందుది కాదు, నాది. 2014లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టాన్ని సవరించి మార్ఫిన్ లైసెన్సుల తంటాలు తగ్గించారు. రాసే చేతుల్లో వణుకు మాత్రం ఇంకా తగ్గలేదు.

అపోహ: రోగికి నిజం చెప్తే కుంగిపోతాడు.
వాస్తవం: "నాయనకు మాత్రం చెప్పొద్దు సార్" అని కొడుకు వరండాలోకి లాక్కెళ్తాడు. లోపలికెళ్లి "మీ జబ్బు గురించి మీకేం తెలుసు పెద్దాయనా?" అంటే, "ఇన్నిసార్లు మద్రాసుకు తిప్పారు, నాకు తెలీదా అయ్యా! పిల్లోళ్లకు చెప్పబాకండి, తట్టుకోలేరు" అంటాడు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం కూడా ఒక ప్రొసీజరే. దానికీ శిక్షణ కావాలి.

అపోహ: దీంట్లో పీజీ లేదు, కెరీర్ లేదు.
వాస్తవం: మూడేళ్ల ఎండీ ఉంది. 2012లో ముంబై టాటా మెమోరియల్‌లో మొదలైంది. సీట్లు తక్కువ. డబ్బు కూడా కార్డియాలజీ అంత రాదు, దాచడం దేనికి?

రోజూ చావులు చూస్తే మనసు మొద్దుబారుతుందనే మాటకు జవాబు ఒక్కటే: నాకింకా ఏడుపొస్తుంది.

ఈ శనివారం ఆత్మకూరు వైపు ఇళ్లకు వెళ్తున్నాం, జీపులో ఇద్దరికి చోటుంది. పుండు వాసనకు మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి ఎలా చల్లాలో అక్కడే చూపిస్తా.