రెండేళ్ల కొలబద్దలో ఇమడని వైరస్ పరిశోధన

2022 జూన్ చివర్లో, శాస్త్ర పత్రికలకు ఏటా అంకెలు కట్టే క్లారివేట్ సంస్థ విడుదల చేసిన జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఒక అంకె కొట్టొచ్చినట్టు కనిపించింది. వైరస్ జబ్బుల మీద పరిశోధన అచ్చు వేసే జర్నల్ ఆఫ్ మెడికల్ వైరాలజీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే దాని వ్యాసాలను మిగతా పరిశోధకులు తమ వ్యాసాల్లో సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె, 2021కి 20.693. అంతకు ముందు ఏడాది అదే పత్రికది 2.327. ఒక్క ఏడాదిలో దాదాపు తొమ్మిది రెట్లు. ఇది 1977 నుంచి వస్తున్న పత్రిక, అంతకు ముందు కొన్నేళ్లుగా 2 చుట్టుపక్కలే తిరిగిన పత్రిక. తర్వాత ఏమైందో కూడా చూడాలి. 2022కి అది 12.7కు దిగింది, 2023కి 6.8కి వచ్చింది.

పత్రిక స్థాయి ఏడాదిలో తొమ్మిది రెట్లు పెరిగి, రెండేళ్లలో మూడో వంతుకు పడిపోతుందా? పడిపోదు. మారింది పత్రిక కాదు, దాని చుట్టూ ఉన్న ప్రపంచం. ఆ మార్పును పత్రిక గొప్పతనంగా చూపించింది మాత్రం మనం వాడుతున్న కొలబద్ద. ఈ కొలబద్ద ఎక్కడి నుంచి వచ్చింది, వైరస్‌ల పరిశోధనకు ఎందుకు నప్పదు, మన దగ్గర దాని మీద ఉద్యోగాలు, ప్రమోషన్లు ఎలా ఆధారపడ్డాయి అన్నది తెలిస్తే ఆ 20.693ని ఎలా చదవాలో తెలుస్తుంది.

ముందు లెక్క చూద్దాం. ఒక పత్రికలో గడచిన రెండేళ్లలో అచ్చయినవాటిని ఈ ఏడాది ఎన్నిసార్లు ఉటంకించారో అది లవం. ఆ రెండేళ్లలో అచ్చయిన పరిశోధన వ్యాసాలు, సమీక్షా వ్యాసాల సంఖ్య హారం. అంతే. 2020 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలోకి వచ్చేవి 2018, 2019ల్లో వచ్చిన వ్యాసాలు. కొత్త కరోనావైరస్ జన్యుక్రమం లోకానికి తెలిసిందే 2020 జనవరి రెండో వారంలో. అంటే ఆ లెక్కలో కోవిడ్ వ్యాసం ఒక్కటీ లేదు, అందుకే 2.327. 2021 లెక్కలోకి 2019, 2020 వచ్చాయి. 2020లో ఆ పత్రిక నిండా కోవిడే. 2021లో ప్రపంచమంతా కోవిడ్ మీదే రాస్తోంది, రాసేవాళ్లంతా అంతకు ముందు ఏడాది వచ్చినవాటిని ఉటంకిస్తున్నారు. లవం ఉబ్బింది.

ఈ భాగహారంలో ఇంకో మెలిక ఉంది. సంపాదకుడికి రాసే ఉత్తరాలు, సంపాదకీయాలు, చిన్న వ్యాఖ్యలు హారంలోకి రావు. కానీ వాటిని ఎవరైనా ఉటంకిస్తే ఆ ఉటంకింపులు లవంలో కలుస్తాయి. మామూలు రోజుల్లో ఈ తేడా పెద్దగా బయటపడదు. మహమ్మారి కాలంలో ఒక పేజీ ఉత్తరాలే వార్త అయ్యాయి. ఒక ఆసుపత్రిలో చూసిన కొన్ని కేసుల గురించి, వాసన తెలియకపోవడం గురించి రాసిన చిన్న ఉత్తరాన్ని కూడా వందల మంది ఉటంకించిన సందర్భాలున్నాయి. ఉత్తరం విలువైనది కాదని అనడం లేదు. ఆ రోజుల్లో డాక్టర్లకు అలాంటి ఉత్తరాలే దిక్కయ్యాయి. లెక్క మాత్రం వాటిని పైన కలుపుకుని కింద వదిలేసింది.

ఉటంకింపు అంటే మెచ్చుకోలు అనుకోవడానికీ లేదు. 2020 జనవరిలో ఇదే జర్నల్ ఆఫ్ మెడికల్ వైరాలజీలో ఒక వ్యాసం వచ్చింది. కొత్త వైరస్ కోడాన్ల (జన్యువులోని మూడక్షరాల సంకేతాల) వాడకాన్ని జంతువుల కోడాన్లతో పోల్చి, అది పాముల నుంచి మనుషులకు వచ్చి ఉండవచ్చని అందులో అన్నారు. టీవీలు, పత్రికలు పాముల మీద పడ్డాయి. వైరస్‌కు ఆశ్రయమిచ్చిన జీవి ఏదో కోడాన్ల పోలికతో తేల్చలేమని వైరాలజిస్టులు వెంటనే అభ్యంతరం చెప్పారు. ఆ వాదాన్ని ఖండించాలన్నా ఆ వ్యాసాన్ని ఉటంకించాల్సిందే కదా. ఖండించినా, సమర్థించినా లవంలో ఒక ఉటంకింపుగానే పడుతుంది.

పెద్ద పత్రికలకూ ఇదే జరిగింది. బ్రిటన్ వైద్య పత్రిక లాన్సెట్ 79 నుంచి ఒక్కసారిగా 202 దాటింది, 2023 నాటికి మళ్లీ వందకు లోపే. ఈ ఉప్పెనలో పెద్దగా కదలనిది జర్నల్ ఆఫ్ వైరాలజీ. 5 దగ్గరున్నది ఆరున్నర అయింది, అంతే. అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ నడిపే ఈ పత్రిక వైరస్ కణంలోకి ఎలా దూరుతుంది, దాని ప్రోటీన్లు ఎలా మడత పడతాయి వంటి మౌలిక ప్రశ్నల మీద నడుస్తుంది. రోగుల లెక్కల మీద కాదు. వూహాన్ వైరస్ మన కణాల మీది ఏసీఈ2 అనే గ్రాహక ప్రోటీన్‌కు అతుక్కోగలదని 2020 తొలినాళ్లలోనే అంచనా కట్టిన ఒక ముఖ్యమైన విశ్లేషణ ఈ పత్రికలోనే వచ్చింది. అదే కుటుంబానికి చెందిన పాత సార్స్ వైరస్ నిర్మాణం మీద దశాబ్దానికి పైగా చేసిన పని చేతిలో ఉంది కాబట్టి ఆ పరిశోధకులు అంత త్వరగా చెప్పగలిగారు. సార్స్ 2003లోనే ముగిసిపోయింది, ఆ తర్వాత దాని మీద ఆసక్తీ నిధులూ తగ్గాయి. ఆ పొడి కాలంలో పట్టు విడవకుండా పని చేసినవాళ్లకు రెండేళ్ల లెక్కలో దక్కినదేమీ లేదు.

ఈ లెక్క పుట్టింది శాస్త్రవేత్తలకు మార్కులు వేయడానికి కాదు. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ఉటంకింపుల సూచిక గురించి ప్రతిపాదించాడు. అమెరికా లాయర్లు ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ పేర్కొన్నాయో చూసుకోవడానికి షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచిక వాడేవారు. అదే పద్ధతి విజ్ఞాన శాస్త్రానికి తేవాలన్నది ఆయన ఆలోచన. ఫిలడెల్ఫియాలో ఆయన స్థాపించిన సంస్థ 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది. వేల పత్రికల్లో వేటిని సూచికలోకి తీసుకోవాలి? ఎక్కువ వ్యాసాలు వేసే పెద్ద పత్రికలే ముందుకొచ్చి, తక్కువ వేసినా మంచివి వేసే చిన్న పత్రికలు వెనకబడకూడదు. అందుకే వ్యాసాల సంఖ్యతో భాగించారు. గార్ఫీల్డ్, ఆయన సహచరుడు ఇర్వింగ్ షెర్ కలిసి చేసిన ఈ ఏర్పాటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 1975 నుంచి జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ రూపంలో అది బయటికి వచ్చింది. ఏ పత్రికకు చందా కట్టాలో తేల్చుకోవడానికి లైబ్రేరియన్లకు పనికొచ్చింది. 1992లో సంస్థ థామ్సన్ చేతికి, 2016లో క్లారివేట్ చేతికి వెళ్లింది. పత్రికల ఎంపికకు పుట్టిన అంకె మెల్లగా మనుషుల ఎంపికకు వచ్చేసింది.

వైరాలజీ పత్రికలు ఈ అంకె కంటే పాతవి. 1939లో వియన్నాలో మొదలైన జర్మన్ పత్రికే ఇప్పటి ఆర్కైవ్స్ ఆఫ్ వైరాలజీ. 1955లో వైరాలజీ అనే పేరుతోనే అమెరికాలో ఒకటి వచ్చింది. 1967లో ఒకేసారి రెండు వచ్చాయి, అమెరికాలో జర్నల్ ఆఫ్ వైరాలజీ, బ్రిటన్‌లో జర్నల్ ఆఫ్ జనరల్ వైరాలజీ. వీటి పాత సంచికలు తిరగేస్తే పరిశోధన గాలి ఎటు వీచిందో తెలిసిపోతుంది. మొదట బాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌లు, పొగాకు మొజాయిక్ వైరస్, పోలియో. తర్వాత కణితులు పుట్టించే వైరస్‌లు. 1980ల నడుమ నుంచి హెచ్ఐవీ మిగతా అన్నిటినీ పక్కకు నెట్టింది. ఆ తర్వాత హెపటైటిస్ సి, సార్స్, 2009 ఇన్‌ఫ్లుయెంజా, 2016లో జికా. ప్రతి వ్యాప్తికీ ఒక కెరటం లేచింది, వ్యాప్తి తగ్గగానే కెరటం దిగింది. కోవిడ్ వీటన్నిటిలోకీ పెద్దది.

1967 నాటి జర్నల్ ఆఫ్ జనరల్ వైరాలజీ మొదటి సంపుటంలో జూన్ అల్మైడా, డేవిడ్ టిరెల్ ఒక వ్యాసం రాశారు. జలుబు రోగుల నుంచి తీసి అవయవ కణజాలంలో పెంచిన వైరస్‌లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, వాటి ఆకారాన్ని వివరించారు. అల్మైడా పదహారేళ్లకే చదువు ఆపేసి ఆసుపత్రి ప్రయోగశాలలో చేరిన మనిషి. అంతకు ముందు ఆమె ఇలాంటి చిత్రాలు పంపితే, ఇవి సరిగ్గా రాని ఇన్‌ఫ్లుయెంజా చిత్రాలని సమీక్షకులు తిప్పి పంపారట. మరుసటి ఏడాదే ఆ వైరస్‌ల గుంపుకు కరోనా అన్న పేరు వచ్చింది. ఆ వ్యాసం విలువ సామాన్య ప్రపంచానికి తెలియడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1969 దాటాక ఆ వ్యాసాన్ని ఎవరు ఎన్నిసార్లు ఉటంకించినా రెండేళ్ల లెక్కలో సున్నా.

అదే 1967లో మన దేశంలో ఇంకో వ్యాసం వచ్చింది. ఈ నేపథ్యంలో తెలుగువాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే అని నా ఉద్దేశం. నాగపూర్ దగ్గరి చాందీపురాలో 1965లో జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తం నుంచి పుణె వైరస్ పరిశోధన కేంద్రం ఒక కొత్త వైరస్‌ను వేరు చేసింది. భట్, రోడ్రిగ్స్ దాన్ని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు. చాలాకాలం అది ఎవరికీ పెద్దగా పట్టని వైరస్. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం మొదలయ్యాయి. చాలామంది ఆసుపత్రికి చేరిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. నమోదైన 329 మంది పిల్లల్లో 183 మంది బతకలేదు. మొదట అనుమానం మెదడువాపు జ్వరంగా మనం పిలుచుకునే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికి వెళ్లింది. చివరికి పుణె శాస్త్రవేత్తలు పట్టుకున్నది చాందీపురా వైరస్‌ను. ఆ పరిశోధన 2004లో లాన్సెట్‌లో వచ్చింది. అన్ని మరణాలకూ అదే కారణమా అన్న చర్చ డాక్టర్ల మధ్య తర్వాత కూడా సాగింది. కానీ పోల్చి చూసుకోవడానికి ఒక పేరు, ఒక వర్ణన ముప్ఫై ఆరేళ్ల ముందు నుంచి సిద్ధంగా ఉండబట్టే ఆ చర్చకైనా చోటు దొరికింది. 2004 వ్యాసం లాన్సెట్ అంకెకు తోడయింది. 1967 వ్యాసం ఏ అంకెకూ తోడు కాలేదు.

మొక్కల వైరస్‌ల సంగతి మరీ అన్యాయం. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొవ్వులు, కాండాలు నల్లబడి ఎండిపోయాయి. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, రైతులు 300 కోట్ల రూపాయల మేర నష్టపోయారని అంచనా. చూడటానికి పాత మొవ్వుకుళ్లు తెగులులాగే ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్కలో ఈ వైరస్ ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ ఆకుల మీదికి మోసుకొస్తాయి, అవి ఆకును గీకినచోట వైరస్ లోపలికి పోతుంది. ఇది తెలిశాకే పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయండి, పొలం చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయండి అని రైతుకు చెప్పగలిగారు. ఈ పరిశోధన వచ్చింది ప్లాంట్ డిసీజ్ అనే పత్రికలో. వైద్య పత్రికల పక్కన నిలబెడితే దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చిన్నదే. వేరుశనగ వైరస్ మీద పని చేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమంది, ఉటంకించేవాళ్లూ ఆ కొద్దిమందే. రాయలసీమ రైతు ఆ వ్యాసం వల్ల పంట దక్కించుకుంటాడు కానీ దాన్ని ఉటంకించడు.

ఇక మన విశ్వవిద్యాలయాల సంగతి. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధన మార్కుల పట్టిక ఉంది. వ్యాసానికి ఉండే మార్కులకు తోడు పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి అదనపు మార్కులు కలుస్తాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే 5, 1 లోపు ఉంటే 10, 1 నుంచి 2 మధ్య 15, 2 నుంచి 5 మధ్య 20, 5 నుంచి 10 మధ్య 25, 10 దాటితే 30. ఇప్పుడు జర్నల్ ఆఫ్ మెడికల్ వైరాలజీని ఈ పట్టికలో పెట్టి చూడండి. 2020 అంకెతో 20 మార్కులు, 2021 అంకెతో 30, 2023 అంకెతో 25. పత్రిక మాత్రం అదే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. అలాంటి చోట మిరప ఆకుముడత వైరస్ మీద ఏళ్ల తరబడి పొలాలు తిరిగి పని చేసే యువ పరిశోధకురాలికి ఈ పట్టిక ఏం చెబుతుంది? పొలం వదిలి గాలి ఎటు వీస్తే అటు వెళ్లమనే చెబుతుంది. 1985లో ఇండియన్ జర్నల్ ఆఫ్ వైరాలజీగా మొదలై 2014లో వైరస్‌డిసీజ్‌గా పేరు మార్చుకున్న మన సొంత పత్రికకు మంచి వ్యాసాలు రాకుండా చేసేదీ ఇలాంటి పట్టికలే.

దిద్దుబాట్లు జరగలేదని కాదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చున్న సంపాదకులు, ప్రచురణకర్తలు పత్రిక అంకెతో మనిషిని కొలవొద్దని ఒక ప్రకటన తయారు చేశారు. డోరాగా పేరుబడ్డ ఆ ప్రకటన మీద మన దేశంలో ఇండియా అలయన్స్ లాంటి నిధుల సంస్థలు సంతకం పెట్టాయి. క్లారివేట్ కూడా అయిదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను, వ్యాసాలు ఎంతకాలం ఉటంకింపుల్లో బతుకుతున్నాయో చెప్పే అర్ధాయువు లెక్కను పక్కనే ఇస్తోంది. మూడు దశాంశాల బదులు ఒకటే చూపిస్తోంది. ఉపసంహరించుకున్న వ్యాసాలకు వచ్చే ఉటంకింపులను 2025 నుంచి లెక్కలోంచి తీసేసింది. వైరాలజీ మటుకు చూడాల్సింది ఆ అర్ధాయువునే అంటాను. కాసేపు మెరిసే పత్రిక ఏదో, నిలిచి ఉండే పత్రిక ఏదో అందులో తేలుతుంది.

2018లో ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ ప్రచురించిన విధాన పత్రం ఇంకా సూటిగా ఉంది. పత్రిక అంకెలను పక్కన పెట్టి, పరిశోధకులు తమ పనుల్లో మేలైనవి ఎంచి చూపిస్తే, కమిటీ వాటిలో ఉన్న విషయాన్ని బేరీజు వేయాలన్నది దాని సారాంశం. అలా చేయాలంటే ఇంటర్వ్యూకు వచ్చే కమిటీలో ఆ వైరస్ గురించి తెలిసినవాళ్లు కనీసం ఒకరుండాలి. వ్యాసాలు వారం పది రోజుల ముందే వాళ్ల చేతికి అందాలి. ఏం చదివారో, ఏం తేల్చారో నాలుగు వాక్యాలు రాసి ఫైల్లో పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు వచ్చే నియామకాల్లోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.