లివర్ టానిక్ వెనక నూట డెబ్బయ్యేళ్ల చరిత్ర

అన్నం సయించడం లేదన్నా, పొద్దున లేవగానే నోరు చేదుగా ఉంటోందన్నా, తిన్నది ఒంటబట్టడం లేదన్నా మన ఊళ్లలో మందుల షాపువాళ్లు చీటీ అడగరు. అరలోంచి ఒక లివర్ టానిక్ సీసా తీసి ఇస్తారు. పైత్యం చేసిందని పెద్దవాళ్లు, లివర్ వీక్ అయిందని చదువుకున్నవాళ్లు అదే సీసా తాగుతారు. ఇది మన పాత వైద్యం నుంచి వచ్చిన అలవాటని చాలామంది నమ్మకం. లోపలి దినుసులు మనవే కావచ్చు. కానీ ఫలానా జబ్బని చెప్పలేని బాధకు అందమైన పేరున్న సీసా పెట్టి, ప్రకటనల జోరుతో అమ్మే పద్ధతి 19వ శతాబ్దంలో అమెరికాలో, ఇంగ్లండులో రాటుదేలింది. దాన్ని అదుపులో పెట్టడానికి ఆ దేశాలకు ఎన్నేళ్లు పట్టిందో చూస్తేనే మన చట్టం ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో జాకబ్ హాస్టెటర్ అనే వైద్యుడు తన రోగులకు ఒక చేదు కషాయం ఇచ్చేవాడు. ఆయన కొడుకు డేవిడ్ 1853లో పిట్స్‌బర్గ్‌లో దాన్ని సీసాల్లో పోసి ‘హాస్టెటర్స్ స్టమక్ బిట్టర్స్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. అజీర్ణం, పైత్యం, చలిజ్వరం, నీరసం అన్నిటికీ అదొక్కటే మందన్నాడు. తొలినాళ్లలో అందులో ఆల్కహాల్ 40 శాతం పైనే ఉండేది, అంటే విస్కీకి తీసిపోదు. అమెరికా అంతర్యుద్ధం వచ్చేసరికి, దక్షిణాది చిత్తడి నేలల రోగాల నుంచి సైనికులను ఇది కాపాడుతుందని ప్రచారం చేసి శిబిరాలకు పంపాడు. అలాస్కాలోని సిట్కాలో అయితే సారా దుకాణంలో గ్లాసుల లెక్కన పోసి అమ్మారు. ఏటేటా లక్షల ప్రతులు అచ్చువేసి ఉచితంగా పంచిన హాస్టెటర్ పంచాంగం ఇంగ్లిషులోనే కాదు, వలస వచ్చినవాళ్ల భాషల్లోనూ పల్లె ఇళ్లకు చేరింది. తిథులూ వాతావరణమూ చూసుకోవడానికి గోడకు తగిలించుకున్న పుస్తకంలో పేజీ తిప్పితే మందు ప్రకటనే కనిపించేది. ఆ సొమ్ముతో డేవిడ్ హాస్టెటర్ రైలు మార్గాల్లోనూ చమురులోనూ పెట్టుబడులు పెట్టే స్థాయికి ఎదిగాడు.

జనం ఊరికే కొన్నారా? లేదు. చేదు నాలుకకు తగిలితే నోరూరుతుంది, ఆకలి వేసినట్టుంటుంది. ఆల్కహాల్ పడగానే ఒళ్లు వెచ్చబడి హుషారొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మామూలు అజీర్తి మందు వేసుకున్నా వేసుకోకపోయినా నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ తగ్గడం సీసా ఖాతాలో పడింది. మశూచికి మందంటూ నీళ్లు అమ్మినవాడి మోసం రోగి చనిపోతే బయటపడుతుంది. పైత్యానికి ఏది అమ్మినా పని చేసినట్టే కనిపిస్తుంది. ఈ వ్యాపారానికి పునాది అక్కడుంది.

ఇంగ్లండులో చిన్నప్పుడు గొర్రెలు కాసిన థామస్ బీచమ్, పైత్యానికీ నరాల బలహీనతకూ అంటూ మాత్రలు చేసి సెయింట్ హెలెన్స్ నుంచి ప్రపంచమంతా అమ్మాడు. పెట్టె గినీ, అంటే 21 షిల్లింగులు, విలువ చేస్తుందని ఆయన ప్రకటన. 1909లో బ్రిటిష్ వైద్య సంఘం ఆ మాత్రలను పరీక్షించి అందులో ఉన్నవి ముసాంబ్రం (కలబంద ఎండురసం), అల్లం, సబ్బు అని అచ్చువేసింది. షిల్లింగు పైన ఒకటిన్నర పెన్నీకి అమ్మే 56 మాత్రల్లో సరుకు ఖరీదు అర ఫార్దింగు. ఫార్దింగంటే పెన్నీలో నాలుగో వంతు. ఇంత తెలిసినా ప్రభుత్వం కదల్లేదు. ఎందుకంటే 1783 నుంచి ఇలాంటి ప్రతి మందు మీదా స్టాంపు సుంకం వసూలవుతోంది. పెట్టె మీద ప్రభుత్వ స్టాంపు చూసి జనం దాన్ని సర్కారు హామీ అనుకున్నారు. చివరికి పార్లమెంటు కమిటీ వేసి గట్టి నివేదికే ఇచ్చింది గానీ, అది వెలువడింది 1914 ఆగస్టు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజున. నివేదిక మూలపడింది. మందులో ఏముందో పైన రాయాలన్న నియమం అక్కడ 1941 దాకా రాలేదు.

వీటిని పేటెంటు మందులని పిలిచినా చాలావాటికి పేటెంటు లేదు. పేటెంటు కావాలంటే ఫార్ములా బయటపెట్టాలి. అందుకని యజమానులు పేరునూ సీసా ఆకారాన్నీ ట్రేడ్‌మార్కు కింద కాపాడుకుని, లోపలున్నదాన్ని దాచుకున్నారు. అమెరికాలో ఆ దాపరికానికి పత్రికలు కాపలా కాశాయి. తమకు వ్యతిరేకంగా రాష్ట్రంలో చట్టం వస్తే ప్రకటన ఒప్పందం రద్దయినట్టేనని మందుల కంపెనీలు ఎర్ర సిరాతో ఒక షరతు రాయించుకునేవి. అలా రాసిచ్చిన పత్రిక ఆ చట్టాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాయగలదా? 1905లో కొల్లియర్స్ వారపత్రిక ఈ ఒప్పందాలను బయటపెట్టాకే అమెరికాలో కదలిక వచ్చింది. మరుసటి ఏడాది జూన్ 30న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆహార, మందుల చట్టం మీద సంతకం చేశాడు. ఆల్కహాల్, నల్లమందు, కొకైన్ లాంటివి ఎంతెంత కలిపారో సీసా మీద చెప్పాల్సి వచ్చింది. అయితే మందు పని చేస్తుందా లేదా అన్నది ఆ చట్టం పరిధిలోకి రాదని 1911లో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది సవరణ వచ్చినా, అమ్మినవాడు కావాలనే మోసం చేశాడని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వం మీదే పడింది. నేను నమ్మే అమ్ముతున్నానంటే ఏం చేస్తారు?

అసలు పోరాటం నడిచింది ‘కార్టర్స్ లిటిల్ లివర్ పిల్స్’ మీద. 1868లో పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో పుట్టిన చిన్న మాత్ర అది. తలనొప్పి, పైత్యం, మందకొడితనం, ఏదైనా సరే లివర్ సరిగా పని చేయక వచ్చిందేనని డెబ్బయ్యేళ్లకు పైగా ఊదరగొట్టారు. మాత్రలో ఉన్నది ముసాంబ్రం, పోడోఫిల్లమ్ అనే వేరు. రెండూ పేగులను రెచ్చగొట్టి విరేచనం చేయించేవే. కాలేయానికి అవి చేసే మేలేమీ లేదు. వ్యాపార మోసాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1943లో ఫిర్యాదు వేసింది. పైత్యరసం ఎలా ఊరుతుంది, ఎంత ఊరుతుంది, ఈ మాత్రతో పెరుగుతుందా అని వైద్యులు ఏళ్ల తరబడి వాంగ్మూలాలిచ్చారు. 1951లో పేరులోంచి లివర్ అన్న మాట తీసేయమని కమిషన్ ఆదేశించింది. కంపెనీ అప్పీళ్లకు వెళ్లింది. 1959లో కోర్టు కమిషన్ మాటే నిలబెట్టడంతో ఆ మాత్ర ‘కార్టర్స్ లిటిల్ పిల్స్’ అయింది. ఒక్క మాట తీయించడానికి 16 ఏళ్లు పట్టింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన తీర్పు ఇదే. డబ్బా మీద ఒక అవయవం పేరు రాశావంటే ఆ అవయవానికి నీ మందు ఏం చేస్తుందో చూపించమని ఒక ప్రభుత్వ సంస్థ నిలదీసింది.

మన దగ్గరికి వద్దాం. మందులకూ పత్రికలకూ ఉన్న బంధం తెలుగువాళ్లకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం రాబడే ఆంధ్రపత్రికను నిలబెట్టింది. స్త్రీల మందు లోధ్ర అమ్మిన కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. ఆ డబ్బు తెలుగు భాషకు చేసిన మేలు నేను మరచిపోను. కానీ అదే రోజుల్లో దేశమంతా నకిలీ మందులతో, అతిశయోక్తి ప్రకటనలతో నిండిపోయిందని 1930లో నియమించిన కర్నల్ రామ్‌నాథ్ చోప్రా కమిటీ తేల్చింది. దాని ఫలితమే 1940 నాటి డ్రగ్స్ చట్టం. ఆయుర్వేద, యునానీ మందులు అందులోకి రావడానికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది.

కొన్ని జబ్బులను నయం చేస్తామనే మందుల ప్రకటనలను నిషేధిస్తూ 1954లో డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది. ఢిల్లీకి చెందిన హమ్‌దర్ద్ దవాఖానా సవాలు చేస్తే, మందుల వ్యాపార ప్రకటనకు వాక్ స్వాతంత్ర్య రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 1959 డిసెంబరులో చెప్పింది. కాకపోతే ఏ జబ్బునైనా ఆ నిషేధ జాబితాలో చేర్చేందుకు ప్రభుత్వానికిచ్చిన అపరిమిత అధికారాన్ని కొట్టేసింది. దాంతో 1963లో 54 జబ్బుల పట్టికను చట్టంలోనే చేర్చారు. ఆ పట్టికలో అపెండిసైటిస్ ఉంది, పిత్తాశయంలో రాళ్లున్నాయి, జీర్ణకోశంలో పుండ్లున్నాయి. అజీర్ణం లేదు, పైత్యం లేదు, ఆకలి మందగించడం అన్నదీ లేదు. పేరున్న జబ్బును నయం చేస్తానంటే నేరం. లివర్‌కు బలమిస్తానంటే, ఆకలి పుట్టిస్తానంటే ఈ పట్టిక అడ్డురాదు. టానిక్ వ్యాపారం మొత్తం ఈ సందులోనే బతుకుతోంది.

అలాంటి సీసా ఒకటి తిప్పి చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో లివర్ అని ఉంటుంది, వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్’ అని ఉంటుంది. దినుసులన్నీ చట్టం గుర్తించిన గ్రంథాల్లో ఉన్నవేనని, ఈ మిశ్రమం మాత్రం గ్రంథాల్లో లేదని దానర్థం. అంటే వేల ఏళ్ల అనుభవం అని చెప్పుకునే సీసాలో ఉన్న పాళ్లు ఆ కంపెనీ సొంతంగా కలిపినవి.

దినుసులను పరీక్షించలేమా అంటే, పరీక్షించారు కూడా. నేలఉసిరినే తీసుకోండి, కామెర్లకు మన పల్లెల్లో తరతరాలుగా వాడుతున్నదే. మద్రాసులో త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కలిసి చేసిన పరిశోధన 1988లో లాన్సెట్‌లో వచ్చింది. నేలఉసిరి ఇచ్చినవారిలో 59 శాతం మందిలో వైరస్ ఆనవాలు పోగా, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 4 శాతం మందిలోనే పోయింది. ప్రపంచం ఉలిక్కిపడి చూసింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. పరీక్షించడం తప్పు కాదు, నిలబడకపోవడమూ అవమానం కాదు. నాకు కోపం తెప్పించేది, ఆ తర్వాతి పరీక్షల ఊసెత్తకుండా మొదటిదాని మీదే సీసాలు అమ్ముకోవడం. మూలికలు కదా, హాని ఏముంటుందన్న మాటా నిలవదు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు.

ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందే రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి తీసుకోవాలని 2018 డిసెంబరులో రూల్ 170 తెచ్చారు. దాని కింద చర్యలు తీసుకోవద్దని 2023 ఆగస్టులో ఆయుష్ మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. 2024 జులైలో ఆ రూల్‌నే తీసేసింది. సుప్రీంకోర్టు ఆగస్టులో ఆ తొలగింపుపై స్టే ఇచ్చినా, ఏడాది తర్వాత కేసు ముగియడంతో స్టే కూడా పోయింది. ఇప్పుడు ఒక లివర్ టానిక్ ప్రకటన టీవీలో రావడానికి ముందు దాన్ని చదివి, ఈ మాటకు ఆధారం ఏదని అడగాల్సిన అధికారి లేడు.