సాకెట్‌కి మీ సొంత రాపర్

మారతహళ్లి, బెంగళూరు

పిల్లలకు ఆశీస్సులు.

మీ చాట్ ప్రోగ్రామ్‌లో "తిన్నావా", "వస్తున్నావా" అని విడివిడిగా పంపితే అవతలి ల్యాప్‌టాప్‌లో "తిన్నావావస్తున్నావా" అని కలిసిపోయి వచ్చిందన్నారు కదా. ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం సాకెట్, దాని వెనక బైట్లు చేరవేసే పద్ధతి టీసీపీ. టీసీపీ తీరే అంత. బైట్లు పోకుండా, వరస తప్పకుండా చేర్చడం వరకే దాని పూచీ. గొట్టంలో రెండు చెంబుల నీళ్లు పోశాక అవతలి కొసన ఏ చెంబువి ఏవో చెప్పలేం.

తెలుగులో పంపితే ఇంకో చిక్కు. "అమ్మ" అన్న మాట, అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు: అ, మ, పొల్లు, మళ్లీ మ, ఒక్కోదానికి 3. అందులో పదే అందాయనుకోండి, చివరి "మ" మధ్యలో తెగుతుంది, డీకోడ్ చెయ్యబోతే, అంటే బైట్లని తిరిగి అక్షరాలుగా మార్చబోతే, పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. సాకెట్ నుంచి బైట్లు చదివే రిసీవ్‌లో 1024 అడిగాం కదా అనకండి. అది గరిష్ఠం మాత్రమే, అప్పటికి చేరినన్నే చేతికిస్తుంది. ఒకే మెషీన్ మీద పొట్టి మాటలతో పరీక్షిస్తే ఇది చాలాసార్లు బయటపడదు. మా అపార్ట్‌మెంట్‌లో నా దగ్గర పైథాన్ నేర్చుకునే తెలుగు పిల్లలూ సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

అందుకే సాకెట్ మీద తొడుగులాంటి చిన్న రాపర్ రాసుకోండి, రెండు ఫంక్షన్లు చాలు. "పంపు" మెసేజ్‌ని బైట్లుగా మార్చి, వాటి లెక్కని ముందు 4 బైట్లలో పెట్టి, అన్ని బైట్లూ వెళ్లేదాకా పంపే సెండ్‌ఆల్‌తో పంపుతుంది. "అందుకో" ముందు ఆ నాలుగూ, తర్వాత చెప్పినన్ని బైట్లూ వచ్చేదాకా లూప్‌లో చదివి, అప్పుడే డీకోడ్ చేస్తుంది. లెక్క బైట్లదే, అక్షరాలది కాదు.

1983లో 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్‌తో వచ్చిన, సర్వర్‌ని సిద్ధం చేసే సాకెట్, బైండ్, లిజన్ కాల్స్‌ని మొదటిరోజే బట్టీ పట్టనక్కర్లేదు. పైథాన్ 3.8 నుంచి క్రియేట్_సర్వర్ ఒక్కటే ఆ మూడు పనులూ చేసిపెడుతుంది. ముందు సీ భాషలో కష్టపడితేనే విద్య వస్తుందనేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ కనెక్షన్ తెగిన సంగతి మాత్రం రాపర్ దాచకూడదు. రిసీవ్ ఖాళీ బైట్లు ఇచ్చిందంటే అవతలివైపు నుంచి ఇక ఏమీ రాదని అర్థం. దాన్ని ఖాళీ మెసేజ్‌గా తిరిగిస్తే మీ లూప్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అక్కడ ఎర్రర్ ఇచ్చి తీరాలి.

టీసీపీ లాంటి పనే చేసే క్విక్ అనే పద్ధతి 2021లో ప్రమాణంగా వచ్చింది. అది చేరికకు పూచీ పడని యూడీపీ మీద నడుస్తుంది, ఎన్‌క్రిప్షన్ అందులోనే ఉంది. దాన్ని సొంతంగా రాయబోకండి, లైబ్రరీ వాడండి. అక్కడా ఒక్కో స్ట్రీమ్ బైట్ల వరసే కాబట్టి "పంపు", "అందుకో"ల పద్ధతి అక్కడా పనికొస్తుంది.

ఇంకొక్కటి. 4 బైట్లలో దాదాపు 429 కోట్ల దాకా అంకె పడుతుంది. ఎవరైనా కావాలనే అంత అంకె వేసి బైట్లు పంపుతూ పోతే మీ ప్రోగ్రామ్ మెమరీ అంతా నిండిపోతుంది. చాట్‌కి 64 వేల బైట్లు ధారాళం. అంతకు మించి చెబితే చదవకుండానే కనెక్షన్ మూసెయ్యండి.

మీ తాతయ్య