గరివిడి నల్లరాయి: అపోహలు, వాస్తవాలు

విశాఖలో జియాలజీ పాఠాలు చెబుతూ, వీలైనప్పుడల్లా పిల్లల్ని విజయనగరం జిల్లా గరివిడికి రైలెక్కిస్తుంటాను. స్టేషన్లోనే ఎవరో ఒకరు "మెగ్నీషియం గనులకేనా సార్?" అంటారు. కాదు నాయనా, మాంగనీసు. మీరు ల్యాబ్‌లో రిబ్బన్ వెలిగించి కళ్లు మూసుకునేది మెగ్నీషియం, ఉక్కు తయారీకి కావలసింది ఇది.

అపోహ: కోడూరు అంటే ముగ్గురాయి గనుల దగ్గరిది.
అది రైల్వే కోడూరు, మంగంపేట వైపు. మనది గరివిడి పక్కన, మాంగనీసు గనులున్న కోడూరు. పాత పుస్తకాల్లో "విశాఖపట్నం జిల్లా" అని ఉంటుంది, ఎందుకంటే విజయనగరం జిల్లా 1979లో గానీ ఏర్పడలేదు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఇక్కడే: 1892లో 674 టన్నులు, 1900కల్లా 92,008.

అపోహ: అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుప రాయే, మాంగనీసు కాదు.
దీని మీద ప్రతి ట్రిప్పులోనూ పందేలు నడుస్తాయి. మామూలు మాంగనీసు రాయి అతుక్కోదు, చేతిలో బరువుగా కూర్చుంటుంది, మెత్తటి రకమైతే వేళ్లకి మసి అంటిస్తుంది (తెల్ల చొక్కా వేసుకు రావద్దని చెబితే వినరు). కానీ గరివిడిలోనే అయస్కాంతాన్ని గట్టిగా లాగే మాంగనీసు రాయి దొరికింది. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టాడు. తర్వాత చూస్తే అది ఒక ఖనిజం కాదు, జాకబ్‌సైట్, హౌస్‌మనైట్ అనే రెండు మాంగనీసు ఖనిజాలు పెనవేసుకున్నది. కోడూరు పేరు మీద కోడురైట్ అని ఒక రాయిని కూడా ఆయనే ప్రపంచానికి పరిచయం చేశాడు. అందులో ఆరెంజ్, గోధుమ రంగు గార్నెట్ గింజలు ఎండకి భలే మెరుస్తాయి. కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిందని ఆయన వాదన, తర్వాతి వాళ్లు చాలామంది ఒప్పుకోలేదు.

అపోహ: వైజాగ్ పోర్టు కట్టిందే ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా ఇనుము కోసం.
ఆ ఇనుము కథ 1960లలో మొదలైంది. హార్బర్ 1933లోనే తెరిచారు, అంతకుముందు ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు పడవల మీద వెళ్లేది. మధ్య పరగణాల (అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్, నాగపూర్ వైపు) మాంగనీసుకి దగ్గర దారిలో సముద్రం కావాలన్నది ఆ హార్బర్ వెనకున్న పెద్ద కారణాల్లో ఒకటి. గరివిడి మొదలుపెట్టిన వ్యాపారాన్ని ఆ పరగణాల వాళ్లు ఎగరేసుకుపోయినా, రేవు మాత్రం మనకి దక్కింది.

ఇక "పాత గని గోతులేగా, ఈత కొట్టొచ్చు" అనేవాళ్లకి: అది చెరువు కాదు, గట్టు దిగితే మెట్టుండదు, నిలువు లోతే. ఫోటో పైనుంచి తీసుకోండి.