కాలికి ముల్లు, గజ్జల్లో బిళ్ళ

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి,

అమ్మమ్మ దీవెనలు. చిన్నూ, నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట రాత్రంతా నా మనసులోనే ఉంది. "ముల్లు దిగింది అరికాల్లో కదా అమ్మమ్మా, బిళ్ళ గజ్జల్లో ఎందుకు కట్టింది?" చిన్నప్పుడు మాకూ ఇలాగే కట్టేది. ఎందుకని మేమెవరం అడగలేదు. నువ్వడిగినందుకు నాకెంత సంతోషమో!

ముల్లుతో పాటు మట్టిలోని బ్యాక్టీరియా కూడా లోపలికి పోతుంది. చర్మంలోని మాస్ట్ కణాలు వెంటనే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. రక్తనాళాలు వదులై ఆ చోటు ఎర్రగా వాచిపోతుంది. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి బ్యాక్టీరియాను మింగి, తామూ చచ్చిపోతాయి. నువ్వు ఛీ అంటూ తుడిచేసిన చీములో చాలావరకు అవే, నాన్నా.

చర్మం పైపొరలో కొమ్మలు చాచుకున్న కణాలు కొన్నున్నాయి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ ఇంకా వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడే, చర్మానికి బంగారు లవణం పట్టించి మైక్రోస్కోపులో వీటిని చూశాడు. ఆ కొమ్మలు చూసి నాడీకణాలనుకున్నాడు. రోగనిరోధక కణాలని తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఇవీ, కింది పొరలోని డెండ్రిటిక్ కణాలూ బ్యాక్టీరియా ముక్కల్ని పట్టుకుని, లింఫు అనే ద్రవం పారే నాళాల్లో కాలు పొడవునా పైకి వెళ్లి గజ్జల్లోని లింఫు గ్రంథికి చేరతాయి.

అక్కడ టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రకం ముక్కే ఆనవాలు. తెచ్చిన ముక్కను వీటికి చూపిస్తూ పోతే, లక్షల్లో ఎక్కడో ఒకటి గుర్తుపడుతుంది. అది రెండై, నాలుగై, ఎనిమిదై, రోజుల్లో వేలవుతుంది. ఆ సందడికే గ్రంథి ఉబ్బుతుంది. అదే నీ బిళ్ళ!

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం తర్వాతి సంగతి. చర్మం నుంచి వచ్చిన కణాలే టి కణాలకు చర్మం దారి కూడా నేర్పుతాయి. ఆ టి కణాలు రక్తంలో పడి నీ పాదానికే వచ్చి, బ్యాక్టీరియాను మింగే మాక్రోఫేజ్ కణాలకు ఊపునిస్తాయి. పని ముగిశాక ఆపేవీ ఉన్నాయి, రెగ్యులేటరీ టి కణాలని. అవి లేకపోతే ఈ కోపం మన ఒంటి మీదికే మళ్లుతుంది. వాటిని కనిపెట్టినందుకే 2025లో జపాన్ శాస్త్రవేత్త సకగుచి గారికి, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. కొన్ని టి కణాలు మాత్రం నీ చర్మంలోనే ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

బిళ్ళను నలపకు. జ్వరం వచ్చినా, రెండు వారాలకీ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టి.టి. ఇంజెక్షన్ సంగతి అమ్మకు గుర్తు చెయ్యి. ఆదివారం ఫోన్ చేసి బిళ్ళ ఎంత తగ్గిందో చెబుతావు కదూ?

మీ అమ్మమ్మ