రాగి కేటలిస్ట్, సిలిండర్ లేని హైడ్రోజన్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక ల్యాబ్‌లో రాగి కేటలిస్టుల (రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థాల) మీద పని చేస్తున్నానని చెప్తే, మా పెద్దమ్మ అడిగే మాట ఒకటే: "ఏం నాయనా, రాగి చెంబులో నీళ్లు తాగితే మంచిదేనా?" పెద్దమ్మా, అది నా శాఖ కాదు. నా రాగి మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లపొడి మీద కంటికి ఆనని రేణువులుగా ఉంటుంది. ఒక పదార్థం నుంచి హైడ్రోజన్ ఊడదీసి, అక్కడే ఉన్న ఇంకోదానికి ఎక్కించడం దాని పని, బయటి నుంచి హైడ్రోజన్ సిలిండర్ అక్కర్లేకుండా. సైక్లోహెక్సనాల్ హైడ్రోజన్ వదులుకుని సైక్లోహెక్సనోన్ అవుతుంది, నైలాన్ తయారీలో వాడేది అదే. ఆ హైడ్రోజన్ అందుకుని ఫర్ఫ్యూరాల్ కాస్తా ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్ అవుతుంది. అది లోహం పోతపోసే ఫౌండ్రీల్లో వాడే రెజిన్లకు పోతుంది.

అపోహ: హైడ్రోజన్ తీసే కేటలిస్ట్ వేరు, ఎక్కించేది వేరు.

కాదు, రెండూ ఒకటే. మనిషి లోపలికి వచ్చిన గుమ్మంలోంచే బయటికీ పోతాడు. ఎటు పోవాలో నిర్ణయించేది ఉష్ణోగ్రత, హైడ్రోజన్ ఒత్తిడి. సైక్లోహెక్సనాల్ ఒక్కదాన్నే పంపితే కొంత దూరం పోయి సమతాస్థితి (ముందుకీ వెనక్కీ చర్య ఒకే వేగంతో సాగే చోటు) దగ్గర ఆగిపోతుంది. కేటలిస్ట్ ఎంత మంచిదైనా ఆ హద్దును జరపలేదు. పుట్టిన హైడ్రోజన్‌ను పుట్టినట్టే ఫర్ఫ్యూరాల్ తినేస్తుంటే మాత్రం చర్య ఇంకా ముందుకు పోతుంది.

అపోహ: హైడ్రోజన్ తీసే చర్య వేడి తాగుతుంది, ఎక్కించేది వదులుతుంది కాబట్టి కొలిమితో పనే లేదు.

చిత్తూరు వైపు బెల్లం వండే చోటు చూసినవాళ్లు ఈ మాట అనరు. రసం తీసిన చెరకు పిప్పే పెనం కింద మంట అవుతుంది, బయటి కట్టెలు కొనక్కర్లేదు. అయినా పిప్పి ముందు ఎండాలి, మంట ఎగదోయడానికి పొయ్యి దగ్గర మనిషి ఉండాలి. (ఫర్ఫ్యూరాల్ కూడా పిప్పి, మొక్కజొన్న బెండుల నుంచే తీస్తారు.) మా దగ్గరా అంతే. రెండు ద్రవాలనీ ముందు ఆవిరి చేయాలి, చర్య జరిగే గొట్టాన్ని 200 డిగ్రీల పైన నిలపాలి. పైగా లెక్క ఎప్పుడూ సరిపోదు. ఫర్ఫ్యూరాల్ బదులు నైట్రోబెంజీన్ పెట్టి అనిలిన్ చేద్దామంటే దానికి మూడు హైడ్రోజన్ అణువులు కావాలి, అంటే మూడు సైక్లోహెక్సనాళ్లు. ఒక్కోటి మోల్‌కు (అణువులను లెక్కపెట్టే కట్టకు) సుమారు 65 కిలోజౌళ్లు తాగితే మూడూ కలిపి 195. నైట్రోబెంజీన్ వదిలేదేమో 400 పైమాటే. ఆ మిగులు వేడి సరాసరి రాగి మీద పడుతుంది.

అపోహ: రాగి ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది.

రాగి 1085 డిగ్రీల దగ్గర కదా కరిగేది, మనకేం టెన్షన్ అని కొత్త పిల్లలు అంటారు. కరగక్కర్లేదు. రాగి ఎక్కువై రేణువులు కిక్కిరిస్తే, 300 దాటగానే అవి జరిగి కలిసిపోతాయి, బాణలిలో కిక్కిరిసి వేసిన పునుగులు ఒకదానికొకటి అతుక్కున్నట్టు. అలా ముద్దయ్యాక లోపలి రాగి చర్యకు అందదు. పైన పేరుకున్న కార్బన్‌ను జాగ్రత్తగా కాల్చి వదిలించొచ్చు గానీ, ముద్దయిన రాగిని మళ్లీ రేణువులు చేయడం అంత తేలిక కాదు.

అపోహ: సపోర్ట్ (రాగి రేణువుల కింద ఉండే పొడి) అంటే ఊరికే మోసే పీట.

పీట కూడా చర్యలో చెయ్యి పెడుతుంది. అల్యూమినాకు (అల్యూమినియం ఆక్సైడ్‌కు) ఆమ్లగుణం ఉంది, అది ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్ బదులు నీటిని లాగేస్తుంది. ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్‌కు ఆమ్లం తగిలితే నల్లటి జిగురవుతుంది. క్షారగుణం ఉన్న మెగ్నీషియం ఆక్సైడ్‌ను నేను వదలనిది అందుకే.

అపోహ: నలుపు పోయి ఎర్రబడితే కేటలిస్ట్ రెడీ.

రంగు చూస్తే నల్ల కాపర్ ఆక్సైడ్ రాగిగా మారిందని తెలుస్తుంది, అంతే. రేణువులు ఎంత చిన్నవో తెలియదు. దానికి నైట్రస్ ఆక్సైడ్ పంపి, పైపొర రాగి ఎంత ఆక్సిజన్ పట్టుకుందో కొలుస్తాం. నల్ల ఆక్సైడ్‌ను రాగిగా మార్చడానికి నైట్రోజన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపి నిదానంగా పంపాలి, ఎందుకంటే అప్పుడూ వేడి పుడుతుంది. మొదటి ఏడు తొందరపడి గొట్టం వెచ్చగా ఉండగానే విప్పి, ఎర్రటి పొడిని కాగితం మీద పోశాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత పొడి మధ్యలో నిప్పుకణికలా ఒక చుక్క వెలిగి అంచులకు పాకింది, వెనకాలే మళ్లీ నల్లబడింది. కాగితానికి చిల్లు, వారం పని గాల్లోకి. గాలి తగిలి మండే గుణం చదివి తెలుసుకోవడం వేరు, చూడడం వేరు.

అపోహ: సిలిండర్ ఖర్చు మిగిలితే లాభం మిగిలినట్టే.

అసలు తలనొప్పి గొట్టం దాటాక మొదలవుతుంది. మరిగే ఉష్ణోగ్రతలు చూడండి: సైక్లోహెక్సనోన్ 156, సైక్లోహెక్సనాల్ 161, ఫర్ఫ్యూరాల్ 162, ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్ 170. ఇంత దగ్గరదగ్గరగా మరిగేవాటిని విడదీయడానికి అయ్యే ఆవిరి ఖర్చు ఎవరూ చెప్పరు. అందుకే సైక్లోహెక్సనాల్ బదులు నా ఓటు 1,4-బ్యూటేన్‌డయోల్‌కు. అది మరిగేది 235 దగ్గర, దాని నుంచి వచ్చే గామా బ్యూటిరోలాక్టోన్ 204 దగ్గర. పైగా ఒక్క అణువు రెండు హైడ్రోజన్ అణువులిస్తుంది, ఇద్దరు ఫర్ఫ్యూరాళ్లకు సరిపడా.