మైలిన్ పెంచే ఇంజెక్షన్: అపోహలు - వాస్తవాలు

పసిబిడ్డ ఎమ్మారై రిపోర్టులో 'మైలినేషన్ ఆలస్యం' (నరాల తంతువులకు తొడుగుగా ఉండే మైలిన్ అనే కొవ్వు పొర ఆలస్యంగా ఏర్పడటం) అన్న మాట కనబడగానే, గ్రోత్ ఫ్యాక్టర్ (కణాల పెరుగుదలకు సంకేతమిచ్చే ప్రోటీన్) ఇంజెక్షన్లతోనో మూలకణాలతోనో మైలిన్‌ను పెంచవచ్చునట అన్న కబురు ఎవరో ఒకరు ఆ తల్లిదండ్రుల చెవిన వేస్తారు. నెల్లూరులో పిల్లల నరాల వైద్యం చేస్తున్న నేను వినే అపోహల్లో కుటుంబాలను అప్పులపాలు చేసేది ఇదే కనుక, దీని గురించే వివరంగా రాస్తున్నాను.

గ్రోత్ ఫ్యాక్టర్లకూ మైలిన్‌కూ సంబంధం ఉన్న మాట నిజమే. నరాల తంతువులకు మైలిన్ చుట్టే కణాలైన ఆలిగోడెండ్రోసైట్ల పూర్వకణాలపై పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయని, ఆ సంకేతం అందితే అవి విభజన చెందుతాయని 1980లలో లండన్‌లో మార్టిన్ రాఫ్, ఆయన సహచరులు ఎలుకల దృష్టి నాడి కణాలపై చేసిన ప్రయోగాలు చూపాయి. కానీ ఆ సంకేతం పని పూర్వకణాలను పెంచడం, బతికించడమే తప్ప మైలిన్ చుట్టించడం కాదు. దానికి ఎఫ్‌జీఎఫ్-2 అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ కూడా తోడైతే కణాలు పరిణతి చెందకుండా విభజన చెందుతూనే ఉండిపోతాయి. నారుమడిలో నారు ఎంత ఒత్తుగా పెంచినా నాటు వేయకపోతే గింజ చేతికి రాదని మన పెన్నా డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎలుకల్లో పీడీజీఎఫ్‌ను అధికంగా తయారయ్యేలా చేసినప్పుడు పూర్వకణాలు విపరీతంగా పెరిగాయి. అయితే అదనంగా పుట్టిన కణాలు చనిపోగా, చివరికి మిగిలిన ఆలిగోడెండ్రోసైట్ల సంఖ్య మామూలుగానే ఉంది. పైగా ఈ ప్రోటీన్లను సిరలోకి ఎక్కిస్తే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటి అవి తగినంతగా లోపలికి చేరవు. పెద్ద ఎలుకల మెదడు కుహరంలోకే నేరుగా పీడీజీఎఫ్‌ను పంపిన ప్రయోగంలో గడ్డలను పోలిన కణాల పెరుగుదల కనబడింది. ఇది తెలిసి కూడా పసిపిల్లలకు 'మైలిన్ కోర్సు' అని చెప్పి డబ్బు వసూలు చేసేవారిని నేను క్షమించలేను.

ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ఇలాంటి కోర్సు కోసమే పొలం బేరం పెట్టి, ఆ సంగతి చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. రిపోర్టు మాత్రం పుట్టిన తేదీ నుంచి వయసు లెక్కవేసి ఆలస్యమని తేల్చింది. ముందుగా పుట్టిన వారాలను తీసివేసి చూస్తే మైలిన్ రావలసిన క్రమంలోనే వస్తోంది. "పొలం అమ్మవద్దు, ఫిజియోథెరపీకి మాత్రం తప్పకుండా తీసుకురండి" అని చెప్పి పంపాను. అటువంటి తల్లిదండ్రుల భయాన్ని నేను తప్పుపట్టను. రిపోర్టులోని ఆ ఒక్క మాట రోగం పేరు కాదని వారికి ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండవలసింది.

పూర్వకణాలను పరిణతి వైపు నడిపించే సంకేతాల్లో థైరాయిడ్ హార్మోన్ ముఖ్యమైనది, పైగా అది లోపిస్తే మన చేతిలో చవకైన మందు ఉంది. అయినా ఇంజెక్షన్ గురించి అడిగే కుటుంబాల్లో థైరాయిడ్ లోపాన్ని పట్టిచ్చే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష గురించి అడిగేవారు అరుదు. పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు మొదటి రెండు వారాల్లో థైరాక్సిన్ మొదలుపెడితే బుద్ధిమాంద్యాన్ని చాలావరకు నివారించవచ్చు. నెలలు గడిచాక మొదలుపెడితే జరిగిన నష్టం పూర్తిగా తీరదు.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అవసరం లేదు. బాదం, నెయ్యి, నూనె మర్దన మైలిన్‌ను పెంచవు. బీ12 లోపం, ఇనుము లోపం ఉంటే మాత్రం సరిచేయాలి. రెండేళ్లు దాటితే మైలిన్ రాదన్నది కూడా తప్పు, ఎందుకంటే అది ఇరవైలు దాటే వరకు ఏర్పడుతూనే ఉంటుంది.

ఎవరైనా మూలకణ చికిత్స చేస్తామంటే, అది అనుమతి పొందిన క్లినికల్ ట్రయలా అని ముందు అడగండి. ట్రయల్‌లో చేరే రోగి నుంచి ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డబ్బు అడిగితే సంతకం చేయకుండా, రిపోర్టులన్నీ తీసుకుని మీ పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్లండి.